పాల విడుపు

ఆ ఏడు పునీత జార్జి పండుగ వెళ్ళిన మూడో రోజున తుర్కుల సైన్యం మా కొండ కిందికి వచ్చింది. గడ్డి ఇంకా కోతకు రాలేదు. వాళ్ళకొక పద్ధతి ఉండేది. జార్జి పండుగకు దండు కదులుతుంది, దిమితర్ పండుగకు ఇళ్ళకు మళ్ళుతుంది. చలిలో యుద్ధం చెయ్యరు. మధ్యలో ఉన్న ఆరు నెలలూ గోడల లోపల ప్రాణాలు నిలుపుకోగలిగితే మరో ఏడు బతికినట్టే. గురిబార్ద్ కోటలో పుట్టిన ప్రతివాళ్ళకూ ఈ సంగతి తెలుసు. అందుకని మొదటి రోజు ఎవరూ పెద్దగా కంగారు పడలేదు. మేకల్ని లోపలికి తోలుకున్నాం, గోడ బయట ఆరేసిన ఉన్ని తెచ్చుకున్నాం, కోట తలుపు గడియ వేశాం. మూడు వందల మందిమి, ఒక వాననీటి తొట్టి, నిరుటి బార్లీ.

కంగారు పడవలసిన సంగతి మర్నాడు తెలిసింది.

వాళ్ళ సేనాపతి గుర్రం మీద గోడల చుట్టూ తిరిగి చూస్తున్నాడు. అమ్మా నేనూ బురుజు దగ్గర నిలబడ్డాం. అమ్మకు పళ్ళు ఊడిపోయాయి, మోకాళ్ళు పోయాయి, కళ్ళు మాత్రం డేగ కళ్ళు.

"ఎవడే అతను?" అంది.

"ఇద్రిస్ బే అట. పొద్దున చాటింపు వేసినవాడు చెప్పాడుగా."

"ఇద్రిసూ లేడు గిద్రిసూ లేడు. ఆ ఎడం భుజం చూడు. కిందికి వాలలేదూ? అక్రోటు చెట్టు మీంచి పడితే నేనే కట్టు కట్టాను. వంకరగా అతికి చచ్చింది. వాడు మన ప్రోగన్ కదుటే!"

నేను నమ్మలేదు. అమ్మ కట్టిన కట్లన్నీ వంకరే, ఆ లెక్కన ఊళ్ళో సగం మంది ప్రోగన్‌లే. కాని చూస్తున్నకొద్దీ ఆ భుజం వాడిదేననిపించింది.

ప్రోగన్ మా అంద్రెయ దొరకు ఒక్కగానొక్క కొడుకు. కన్న దొరసాని వారం తిరక్కుండా పోయింది. అప్పటికి నేను మా అమ్మ ఒళ్ళో పసిగుడ్డుని. కుడి రొమ్ము వాడికి, ఎడమ రొమ్ము నాకు. దొరబిడ్డను వాడు అంటున్నానని ఎవరూ నొచ్చుకోవద్దు, ఒకే ఒళ్ళో కొట్టుకుంటూ పెరిగినవాళ్ళం. తొమ్మిదో ఏట, ఏటి దగ్గర గొర్రెల్ని కడుగుతున్నప్పుడు, తుర్కుల దోపిడీ దండు మా మీద పడింది. నేను ఉన్ని కుప్పలో దూరాను. వాడూ దూరాడు. కాని వాడి కాళ్ళు బయటికి కనబడ్డాయి, కాళ్ళకు జోళ్ళున్నాయి. ఆ కొండల్లో జోళ్ళు తొడుక్కున్న పిల్లాడు దొరబిడ్డే అయి ఉంటాడు. నీళ్ళు చల్లగా ఉంటాయని ఆ పొద్దున వాటిని తొడిగింది మా అమ్మే.

తర్వాత పాతికేళ్ళు. మధ్యలో ఒకే ఒక్క కబురు. వాడు సుల్తాను కొలువులో పెరిగాడని, మతం మార్చుకున్నాడని, కత్తి యుద్ధంలో పేరు తెచ్చుకున్నాడని. ఆ కబురు విన్న రోజునే అంద్రెయ దొర ఖాళీ పెట్టె ఒకటి చర్చి పక్కన పాతించి, పైన రాయి మీద కొడుకు పేరు చెక్కించాడు. ఊరంతా దినం భోజనం చేసింది. మా అమ్మ పోలేదు. బతికున్న పిల్లాడి దినం కూడు తన గొంతు దిగదంది.

ఇప్పుడు వచ్చింది ప్రోగనేనని వెళ్ళి దొరకు చెప్పారు. ఆయన గోడ మీదికి వచ్చి చూడనైనా లేదు.

"నాకు కొడుకు లేడు. పాతిపెట్టాను. మీరంతా తినిపోయారు కూడాను," అన్నాడట.

తొట్టి దగ్గర ఆడవాళ్ళు మాత్రం మా అమ్మను వదల్లేదు. "ఏం తాగించావే ద్రానే, పాలా, ఫిరంగి మందా?" అని ఒకతి. "తాగిన చోటికే గురి పెట్టాడమ్మా, ఎంత జ్ఞాపకశక్తి!" అని ఇంకొకతి. నోట్లో నాలుక లేని మనిషి కాదు మా అమ్మ. అయినా ఆ వారమంతా కుండ నింపుకుని తల వంచుకుని వచ్చేసేది.

మూడో వారంలో ఫిరంగి రాయి ఉత్తరపు బురుజుకు తగిలింది. నా మొగుడు మారాష్ మేస్త్రి. ఫిరంగులు కొట్టే వేళకు బురుజు ఖాళీ చేసి దిగిపోవడం, ఆగాక ఎక్కి పడిన చోట మళ్ళీ కట్టడం, ఇదీ వాళ్ళ పని. ఆ పొద్దున అందరితో పాటు దిగినవాడే, తాపీ మర్చిపోయానని మళ్ళీ ఎక్కాడు. రాళ్ళ కింద నుంచి అతన్ని తీయడానికి రెండు రోజులు పట్టింది. మా లూలేకు ఆరేళ్ళు. నాన్న ఎప్పుడొస్తాడని అది ఒక్కసారి కూడా అడగలేదు, నాకు ఎక్కువ భయం వేసింది అందుకే. నేను ఏడ్చాను, జుట్టు పీక్కున్నాను, ప్రోగన్ పేరెత్తి నోటికి వచ్చినట్టు తిట్టాను. అమ్మ ఎదురుగా కూర్చుని తిట్లన్నీ విన్నది. ఒక్కటీ కాదనలేదు, ఒక్కదానికీ అవుననలేదు.

*

కోసేవాళ్ళు లేక గడ్డి కొండ మీదే ఎండిపోయింది. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం ముసలి తుర్కు ఒకడు కోట తలుపు కిందికి వచ్చి మా భాషలో కేకేశాడు. పేరు ముర్తజా, ఇద్రిస్ బే డేరా చూసుకునేవాడు. పుట్టింది మా కింది లోయలోనేనట, అతన్నీ చిన్నప్పుడే ఎత్తుకుపోయారు.

"ద్రానేగారు గాని, ఆవిడ కూతురు గాని ఒకసారి కిందికి రావాలి. మళ్ళీ క్షేమంగా పైకి పంపే పూచీ నాది!"

అమ్మ మోకాళ్ళు ఆ దారి దిగలేవు. దొర నన్ను వెళ్ళమన్నాడు. "వెళ్ళి ఎన్ని గుడారాలున్నాయో లెక్కపెట్టుకు రా," అన్నాడు. కొడుకు మాట ఎత్తలేదు.

డేరా ముందు కాపలావాళ్ళు నన్ను ఆపారు. ఆడది లోపలికి పోవడమేమిటని వాళ్ళ బాధ. ముర్తజా వాళ్ళ భాషలో ఏదో కసిరాడు. వెంటనే పక్కకు తప్పుకున్నారు.

"ఏం చెప్పావు?" అన్నాను.

"పాలు పంచుకున్న తోబుట్టువని చెప్పాను. మా లెక్కలో నువ్వు ఆయనకు పరాయిదానివి కాదు."

మా మతమూ వాళ్ళ మతమూ కలిసి ఒప్పుకున్న సంగతి ఆ వేసవిలో అదొక్కటే అనుకుంటాను.

దారి పొడుగునా ఏం అనాలో తయారుచేసుకున్నాను. మొట్టమొదట మారాష్ పేరు చెప్పాలి, చెప్పి మొహాన ఉమ్మాలి. లోపల ఎర్ర తివాచీ మీద గడ్డంలో తెల్లవెంట్రుకలున్న మనిషి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నోరు తెరిచాడు.

"దఫీ! వచ్చావా? అమ్మేది? అమ్మకి కాలు నొప్పా?"

గొంతు ముప్పైనాలుగేళ్ళది, మాటలు మాత్రం తొమ్మిదేళ్ళవి. పాతికేళ్ళుగా మా భాషలో మాట్లాడే అవసరం వాడికి రాలేదు. ఏటి దగ్గర ఎక్కడ వదిలాడో అక్కడే ఉండిపోయింది. ముర్తజాతో వాళ్ళ భాషలో మాట్లాడితే సేనాపతి. నా వైపు తిరిగితే పిల్లాడు. ఉమ్మడానికి దాచుకున్నది నోట్లోనే ఎండిపోయింది.

"ఆకలా? బువ్వ తింటావా?"

"తినను."

"కోపమా?"

"మా ఆయన్ని చంపావు," అన్నాను. "ఉత్తరపు బురుజు మీద. పేరు మారాష్. నాకు కూతురుంది."

వాడికి ఒకటి రెండు మాటలు అర్థం కాలేదు. ముర్తజా చెప్పాడు. వాడు తన చేతులు చూసుకున్నాడు.

"ఆ వేళకి అక్కడ ఎవరూ ఉండరు కదా," అన్నాడు. "రోజూ చూశాను. ఎవరూ ఉండరు. నాకు తెలీదు దఫీ."

"నీకు తెలియకపోవడంతో నాకేం పని?"

దానికి చెప్పడానికి తొమ్మిదేళ్ళవాడి దగ్గర మాటేముంటుంది? నెమ్మదిగా అడిగాడు.

"లోపల నీళ్ళున్నాయా?"

"బోలెడున్నాయి. దిమితర్ పండుగ దాటినా మిగులుతాయి."

వాడు నా మొహం చూడలేదు. కిందికి చూశాడు. చూసి నవ్వాడు.

"అబద్ధం! నీ కాలు చూడు!"

చూసుకున్నాను. నా ఎడమ పాదం కుడి పాదం మీదికి ఎక్కి కూర్చుంది. చిన్నప్పుడూ అంతే. జున్ను దొంగిలించి తినలేదని నేను ఒట్టు పెడుతుంటే, వాడు అమ్మకు నా కాలు చూపించేవాడు. అబద్ధం ఆడినప్పుడు నా నోరు తడబడదు, కాలే పట్టిస్తుంది. చప్పున కాలు దింపుకున్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే నవ్వు వచ్చింది, ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు గురించి మారాష్‌కు ఇప్పటికీ సంజాయిషీ చెప్పుకుంటూనే ఉన్నాను.

నేను లేచేటప్పుడు వాడు అసలు సంగతి చెప్పాడు.

"అమ్మని పాల విడుపు ఇమ్మను."

ఆ రెండు మాటలూ చాలా జాగ్రత్తగా పలికాడు, పోగొట్టుకోకుండా దాచుకున్న వస్తువు బయటికి తీసినట్టు.

మా కొండల్లో మగవాడు యుద్ధానికి పోయేముందు, పగ తీర్చుకోవడానికి పోయేముందు, తిరిగి వస్తాడో రాడో తెలియని ఏ దారి పట్టేముందైనా గడప దగ్గర ఆగి తల్లిని విడుపు అడుగుతాడు. తల్లి, "విడిచాను, చుక్క చుక్కా విడిచాను, తేలిగ్గా పో" అంటుంది. అంతే. ఎందుకని వాడు చెప్పకూడదు, ఎందుకని ఎవరూ అడగకూడదు, కీడు. పాలు ఒంటి మీద ఉన్నంతకాలం ఆ తల్లి ఇంటి మీద చెయ్యెత్తడానికి లేదు. విడుపు లేకుండా చచ్చినవాడి మీద మట్టి ఆనదు. గడప దగ్గర నిలబడే ఉంటాడు, లోపలికి రాలేడు, పైకి పోలేడు. కన్నతల్లి లేనివాడికి పాలిచ్చిన తల్లే ఇవ్వాలి.

నేను ఎందుకని అడగలేదు. అడగనక్కర్లేదనుకున్నాను. గోడ ఎక్కబోయేవాడికి కాకపోతే విడుపు ఎవడికి కావాలి?

*

అమ్మ కూడా అదే అనుకుంది. ఊరంతా అదే అనుకుంది.

"ఇవ్వను," అంది అమ్మ. "విడిచానంటే రేపే నిచ్చెన వేస్తాడు. నా పాలు ఒంటి మీద ఉండగా వాడు ఆ మొదటి మెట్టెక్కలేడు. ఎన్ని పేర్లు మార్చుకోనీ, పాలు మార్చుకోలేడుగా!"

నిజంగానే వాడు ఎక్కలేదు. ఫిరంగులు రోజుకు రెండుసార్లు ఖాళీ గోడను కొట్టి ఊరుకునేవి. తొట్టి సగమయింది, పావయింది. మనిషికి రోజుకు రెండు దోసిళ్ళ నీళ్ళు. లూలే పెదవులు పగిలి, మాట్లాడితే నెత్తురు వచ్చేది. అయినా గోడ మీదికి ఒక్క నిచ్చెన రాలేదు. కిందటి నెలలో మా అమ్మను దెప్పిన ఆడవాళ్ళే వచ్చి ఆమె చెయ్యి ముద్దుపెట్టుకుని పోతున్నారు. ఒకతి తన వంతు నీళ్ళలోంచి గుక్కెడు తెచ్చి ఇచ్చింది.

"తాగు ద్రానేమ్మా. నువ్వు బతికుంటేనే మేమూ."

"ఫిరంగి మందు నీళ్ళలో నానితే పనికిరాదే," అని అమ్మ ఆ గుక్కెడూ లూలేకు పట్టించింది.

ఒక రోజు అంద్రెయ దొరే మా ఇంటికి వచ్చాడు. నా ఎరుకలో ఆయన మా గడప తొక్కడం అదే మొదలు. కూర్చోలేదు.

"ద్రానే, విడవకు," అన్నాడు. "దిమితర్ పండుగ దాకా ఆగు. ఇప్పుడు నాకు మిగిలిన గోడ నీ పాలే."

"పాతిపెట్టినవాడికి పాలేమిటి దొరా? దినం కూడా పెట్టేశారుగా!"

దొర తలుపు వైపు తిరిగాడు. పోతూ పోతూ తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అడిగాడు. "భుజం... ఇంకా వాలే ఉందా?"

"వాలే ఉంది," అంది అమ్మ, గొంతు మార్చి. "గుర్రం మీద బాగానే కూర్చుంటున్నాడు."

*

అక్రోట్లు రాలే రోజులు వచ్చాయి. దిమితర్ పండుగ ఇంకా నెల ఉంది. అమ్మ సరిగ్గా నిద్రపోవడం మానేసింది. కళ్ళు మూస్తే ప్రోగన్ గడప అవతల నిలబడి కనిపిస్తున్నాడట. తొమ్మిదేళ్ళ పిల్లాడు, కాళ్ళకు జోళ్ళు లేవు, లోపలికి రమ్మంటే రావడం లేదు. నాలుగు రోజులు వరసగా అదే కల. అయిదో రోజు పొద్దున నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"విడుస్తున్నాను. వెళ్ళి చెప్పిరా."

నాకు మతి పోయింది. "పిచ్చెక్కిందా నీకు? ఇంకో నెల. ఒక్క నెల ఓపిక పట్టలేవా?"

"ఇంకో నెలలో ఏమవుతుందో నాకేం తెలుసు? వాడు చస్తే? నేను చస్తే? నేను చచ్చాక ఇంకెవరిస్తారే వాడికి? అప్పుడా గడప దగ్గర వాడు ఎన్నాళ్ళు నిలబడాలి?"

"లూలే సంగతేమిటి? వాడు గోడ ఎక్కితే దాన్ని ఏం చేస్తారో తెలుసా?"

"తెలుసు." అమ్మ కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "తెలిసే చెబుతున్నాను. వాడు ఏం చేస్తే అది వాడి పాపం. నేను అమ్మనే దఫీనా, గోడను కాను. ఆ రోజు జోళ్ళు తొడిగి వాణ్ణి పట్టించాను. ఇదైనా ఇవ్వనీ. వెళ్ళు. చుక్క చుక్కా విడిచానని చెప్పు. తేలిగ్గా పొమ్మని చెప్పు."

వెళ్ళాను. మొదటిసారి వెళ్ళి వచ్చినదాన్నే కదా, కోట కాపలావాళ్ళు ఎందుకని అడగలేదు.

సగం దారి దిగాక చూశాను. వేసవంతా ఓక్ చెట్ల కింద పేర్చి ఉన్న నిచ్చెనల్ని మనుషులు భుజాల మీద మోసుకొస్తున్నారు. వరసగా నిలబెట్టిన కంచరగాడిదల మీద కడుతున్నారు. ఉత్తరపు గోడ దగ్గర వాలు తక్కువ, అక్కడ బురుజు కూలి ఉంది. అక్కడికే తోలుకుపోతారనుకున్నాను. విడుపు కోసం కూడా ఆగేట్టు లేడు. ఇక నేను వెళ్ళి అది చేతిలో పెడితే ఈ సాయంత్రమే గోడ ఎక్కుతాడు. లూలే ఇంట్లో అక్రోటు చిప్పలతో ఆడుకుంటోంది.

డేరాలోకి వెళ్ళేసరికి వాడు లేచి నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మ పంపిందా?"

నోరు తెరిచాను. చుక్క చుక్కా అన్న మాట నాలుక మీదే ఉంది.

"అమ్మ విడవనంది," అన్నాను.

వాడికి అర్థం కాలేదేమోనని ముర్తజా చెప్పబోయాడు. వాడు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"ఒక్క చుక్క కూడానా?"

"ఒక్క చుక్క కూడా."

వాడు తల దించుకున్నాడు. తివాచీ వైపు చూస్తూ కొంతసేపు అలాగే ఉన్నాడు. భయంతో అన్నానా, మారాష్ కోసం అన్నానా అని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. రెండూ అయి ఉంటాయి. ఆ క్షణంలో వాడి మొహం అలా ఆరిపోతుంటే నాలో ఎక్కడో ఒక మూల చల్లగా ఉంది. అబద్ధం చెప్పను, ఉంది.

"సరే," అన్నాడు. "నీ పాప పేరేంటి?"

"లూలే."

"లూలే," అని ఒకసారి పలికి చూసుకున్నాడు. "పో దఫీ. ఎండెక్కుతుంది. అమ్మకి చెప్పు..." ఆగిపోయాడు. ఏ మాట కోసం వెతికాడో, దొరకలేదు. "ఏం చెప్పకులే."

ఇంటికి వచ్చాను. అమ్మ గడపలోనే కూర్చుని ఉంది.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"సరే అన్నాడు."

అమ్మ గోడకు చేరగిలబడి, అక్కడే, మిట్టమధ్యాహ్నం, ఎండ మొహాన పడుతుండగా నిద్రపోయింది. అయిదు రోజుల నిద్ర. నేను లూలేను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉత్తరపు గోడ వైపే చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున కేకలు విని పరిగెత్తాం. కొండ కింద మైదానం ఖాళీ. గుడారాలు లేవు, ఫిరంగులు లేవు. దండు తూర్పు దారిన దుమ్ము లేపుకుంటూ పోతోంది. ముందు కంచరగాడిదలు, వాటి మీద నిచ్చెనలు. జనం ఏట్లో పడి నీళ్ళు తాగారు, గంటలు కొట్టారు, ఒకళ్ళనొకళ్ళు కావలించుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. నా అబద్ధం మూడు వందల మందిని కాపాడిందనుకున్నాను. చెప్పుకోలేదు గాని, ఆ కొన్ని వారాలూ నేను తల ఎత్తుకు తిరిగాను.

*

మొదటి మంచు పడ్డాక ముర్తజా వచ్చాడు. ఒంటరిగా, కాలినడకన. కొలువు వదిలేసి కింది లోయకు, తన వాళ్ళెవరైనా మిగిలారేమో చూసుకోవడానికి పోతున్నాడట. లోపలికి రమ్మంటే వాకిట్లోనే నిలబడ్డాడు.

"ప్రోగన్ ఎలా ఉన్నాడు?" అన్నాను.

"పట్టుతాడు పంపారు," అన్నాడు. "పెద్ద కొలువులో ఉన్నవాళ్ళకు ఉరి పట్టుతాడుతోనే. దిమితర్ పండుగకు నాలుగు రోజుల ముందు."

"ఎందుకు?"

"కోట పట్టకుండా లేచివచ్చినందుకు. నువ్వు రెండోసారి వచ్చిన ముందు రోజునే ఆజ్ఞ వచ్చింది. గోడ ఎక్కుతావా, వచ్చి తల ఇస్తావా అని. నువ్వు వచ్చిన ఆ పొద్దున లేస్తూనే, వెనక్కి పోదాం, నిచ్చెనలు కట్టెయ్యమన్నాడు. మీ కోట మీదికి దండు నడపమని వసంతంలో చెప్పినప్పుడే నాతో అన్నాడు, ముర్తజా, ఇది నేను గెలవను అని. నిచ్చెనలు గాడిదల మీద కడుతుంటే నువ్వు చూసే ఉంటావు."

"చూశాను."

"నువ్వు వస్తున్నావని చెప్పగానే లేచి నిలబడ్డాడు. అమ్మ పంపింది, విడుపు వచ్చింది, ఇక పోదాం అన్నాడు." ముర్తజా గడ్డం మీద పడిన మంచు దులుపుకున్నాడు. "మావాళ్ళలోనూ ఉందమ్మా ఈ పద్ధతి. చావుకు పోయేవాడు తల్లిని అడుగుతాడు. అది లేకుండా పోతున్నవాడి పక్కన నడవడం చాలా కష్టం. ఆవిడకు అంత రాయి మనసా?"

లోపల నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఎవరే? ఆ ముసలి తుర్కేనా? నా పిల్లాడి కబురు తెచ్చాడా?"

గోడ పట్టుకుంటూ గడప దాకా వచ్చింది. ముర్తజా మొహం చూడగానే తెలిసిపోయింది. అరవలేదు. గడప మీద కూర్చుండిపోయి, రెండు చేతులూ కుడి రొమ్ము మీద పెట్టుకుంది.

"ఎప్పుడు?"

"పండుగ ముందమ్మా."

అమ్మ తల ఎత్తింది. "పోనీ. విడుపు అందాకే కదా పోయాడు? చుక్క చుక్కా విడిచానని పంపాను, ఇదిగో దీన్నే పంపాను. అందింది కదా?"

ముర్తజా నా వైపు చూశాడు. ఆ చూపు ఎంతసేపు ఉందో నేను చెప్పలేను. మీద పడుతున్న మంచు కూడా దులుపుకోలేదు.

"అందిందమ్మా," అన్నాడు. "తేలిగ్గా పోయాడు."

అమ్మ లేచి రొట్టె తెచ్చింది, ఉప్పు తెచ్చింది. ఆకలి లేదన్నాడు. పొద్దుటి నుంచి మంచులో నడిచివచ్చిన మనిషి మా ఇంట్లో ఒక్క ముక్క ముట్టకుండా వెళ్ళిపోయాడు. అమ్మకు అది అర్థం కాలేదు. తుర్కుల మర్యాద ఇంతేనంది.

అంద్రెయ దొర అప్పటి నుంచి రోజూ చర్చి పక్కన ఆ రాతి మీద కూర్చునేవాడు. కింద ఉన్నది ఖాళీ పెట్టె అని అప్పుడే గుర్తొచ్చినట్టుంది. మా అమ్మ మరో నాలుగేళ్ళు బతికింది. మళ్ళీ ఆ కల రాలేదంది. పిల్లాడు తేలిగ్గా పోయాడు, ఇక ఎందుకొస్తాడు అనేది. హాయిగా నిద్రపోయేది. ఒక్క నిజం చెబితే ఆ నిద్ర పోతుంది. ఆఖరి రోజున కూడా చెప్పలేదు. చెబితే ఆవిడ మళ్ళీ ఒకసారి ఆ మాట అనేది, నిజంగా వాడికి అందేదేమో. అది తట్టింది, ఆవిడ మీద మట్టి పోశాక.

అప్పటి నుంచి కల నాకు వస్తోంది. గడప అవతల నిలబడతాడు. రమ్మంటే రాడు. ఎన్నోసార్లు ఆ మాట నేనే అన్నాను, చర్చి పక్కన ఆ రాతి దగ్గర, పొయ్యి దగ్గర, గడప దగ్గర. విడిచాను, చుక్క చుక్కా విడిచాను అని. అవి నా పాలు కావు. నేనూ తాగినదాన్నే, నా మాట చెల్లదు.

నాకు మిగిలింది ఒక్కటే. వాడు తల దించుకుని చూశాడే, అది తివాచీనా, నా కాళ్ళనా? కాళ్ళనే చూసి ఉంటే, నా ఎడమ పాదం కుడి పాదం మీద ఉండి ఉంటే, వాడికి తెలిసే ఉంటుంది. అమ్మ విడిచిందని తెలుసుకునే పోయి ఉంటాడు. ఆ రోజు నిచ్చెనలు గుర్తున్నాయి, గాడిదల రంగులు గుర్తున్నాయి, తివాచీ అంచున అల్లిన ఆకులు గుర్తున్నాయి. నా కాళ్ళు మాత్రం గుర్తు లేవు. లూలేకు మనవలు పుట్టిన ఈ వయసులో కూడా, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, తలుపుకు ఎదురుగా నిలబడి ఆ మాట పైకి అని చూస్తాను.

"అమ్మ విడవనంది. ఒక్క చుక్క కూడా."

అని, కిందికి చూసుకుంటాను. కర్ర లేకుండా నిలబడలేని మనిషిని, అయినా ఎడమ కాలు లేస్తుంది. ప్రతిసారీ లేస్తుంది. ఆ రోజు లేచిందో లేదో.